ఓనరే అడిగినా

"పాస్‌వర్డ్‌ని అలా కూరగాయలమ్మినట్టు అరుస్తావేంటి బావా?"

ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీ షెడ్డులో మిషన్ల హోరు. అవతలి మూలనున్న ఆపరేటరుకి వినపడాలని పైపుల ఇంజినీరు అప్పుడే గొంతు చించుకుని పాస్‌వర్డ్ చెప్పాడు. అది విని గుమ్మంలో ఆగిపోయినాయన ఆ ఫ్యాక్టరీ సైబర్ సెక్యూరిటీ హెడ్, ఇంజినీరు చెల్లెలి మొగుడు. నలగని చొక్కా, మెడలో కార్డు, ముక్కుకి అడ్డంగా జేబురుమాలు. ప్లాస్టిక్ కరిగే వాసన ఆయనకి పడదు. ఆ వాసనలో బతికే మనుషులు అసలే పడరు.

"అరవకపోతే వాడికి వినపడదు బావగారూ."

"అందుకే మిమ్మల్ని గొట్టంగాళ్ళనేది." బావని పక్కకి నెట్టి, మిషను స్క్రీను మీద టకటకా పాస్‌వర్డ్ మార్చేశాడు. "ఇక ఇది నాకొక్కడికే తెలుసు."

"మధ్యలో మిషను ఆగితే? లోపల కాగిన సరుకు కాసేపు కదలకపోతే మాడి రాయైపోద్ది."

"ఫోన్ చెయ్యి. నేనే వచ్చి టైపు చేస్తా."

"ఫోన్లో చెప్పేయొచ్చుగా?"

"నీకా? ఓనరే అడిగినా చెప్పను. నీకూ నాకూ తేడా అదే బావా."

ఇంజినీరు ఆపరేటరు వైపు కన్నుకొట్టి, ముక్కు నొక్కిపట్టి, రెండు దగ్గులు దగ్గి, "ఏమయ్యా, నాక్కూడా చెప్పవుటయ్యా?" అన్నాడు. అచ్చం ఓనరు. షెడ్డంతా ఘొల్లుమంది.

హెడ్డుగారి మొహం మాడింది. "నవ్వుకోండి. సాయంత్రం ఓనరు వచ్చి నన్ను అన్ని ఫ్యాక్టరీలకీ పెద్దని చేస్తున్నారు. అప్పుడు ఒక్కొక్కడి పని చెప్తా."

మెట్లెక్కి తన అద్దాల గదికి వెళ్ళిపోయాడు. కరెంటు పోయినా లైటూ చల్లదనమూ పోకూడదని పట్టుబట్టి విడిగా బ్యాటరీలు పెట్టించుకున్న గది అది. తలుపు మూస్తే కింద హోరు కూడా వినపడదు. కుర్చీలో వెనక్కి వాలి, సాయంత్రం చెప్పాల్సిన నాలుగు ముక్కలూ పైకి అనుకుంటుంటే ఫోన్ మోగింది. షెడ్డు నంబరు.

"ఏమయ్యా, కరెంటు పోయొచ్చింది. మిషను ఆగిపోయి పాస్‌వర్డ్ అడుగుతోంది. చెప్పు, సరుకు మాడిపోతోంది." వెంటనే రెండు దగ్గులు.

హెడ్డుగారు తలెత్తి చూశాడు. గదిలో లైటు రెప్పయినా కొట్టలేదు. నవ్వొచ్చింది.

"దగ్గు బాగా కుదిరింది బావా."

"ఎవర్రా నీకు బావ?"

"అబ్బ, ఆ కసురు కూడా ఆయనదే. ఆ ముసలాయనకి సొంత ఫోను తెరవడమే చేతకాదు, మిషను పాస్‌వర్డ్ అడిగాడంటే నమ్మేవాణ్ణేనా నేను?" అని పెట్టేశాడు.

మళ్ళీ మోగింది. మోగనిచ్చాడు. ఈ గొట్టాలవాళ్ళని సాయంత్రం దాకా భరిస్తే చాలనుకున్నాడు. మోగి మోగి ఆగింది.

కాసేపటికి మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తి, అవతలి మాట వినకుండానే, "గొంతు పోయేదాకా అరుచుకో బావా, నా దగ్గర నీ పప్పులుడకవు" అంటుండగా తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో బావ. పైపులు ఎంత ఒత్తిడికి పగులుతాయో చూసే నీళ్ళతొట్టి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఒళ్ళంతా తడి. చేతిలో సుత్తి, ఉలి. రెండూ తెచ్చి టేబులు మీద పెట్టాడు.

హెడ్డుగారి చెవి దగ్గర ఫోన్లో దగ్గూ తిట్లూ వస్తూనే ఉన్నాయి.

"మాటంటే మీదే బావగారూ, ఓనరే అడిగినా చెప్పలేదు," అన్నాడు ఇంజినీరు. "లోపలంతా రాయైపోయింది. దిగి పగలగొట్టండి, సాయంత్రం కాకుండానే వచ్చి కింద ఫోన్లో ఉన్నాయన ఇక ఈ ఫ్యాక్టరీలో మీకు మిగిలిన పని అదొక్కటే అంటున్నారు."