ముక్కుగారి ఉప్పు స్నానం

“నానబెట్టడానికి నేనేమైనా మురికి చొక్కానా?” అన్నాడు ముక్కుగారు, బాత్‌రూంలో బట్టలు నానేసే పెద్ద టబ్బు వంక అనుమానంగా చూస్తూ.

“చొక్కా అయితే నోరు మూసుకుని నానేది,” అంది భార్య.

సబ్బుల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ ముక్కుగారనే పిలుస్తారు. తయారైన ప్రతి విడతలోంచి ఒక సబ్బు ఆయన ముక్కు కిందికి రావాలి, ఆయన తలూపాలి, అప్పుడే మిగతావి పెట్టెల్లోకి ఎక్కుతాయి. అలాంటి ముక్కు పది రోజులుగా మూసుకుపోయింది. మాత్రలయ్యాయి, ఆవిరి పట్టడమూ అయింది. తుమ్ము కూడా సగం దూరం వచ్చి వెనక్కి పోతోంది.

ఈ సంగతి ఫ్యాక్టరీలో చీమకైనా తెలియనివ్వలేదు. రోజూ మధ్యాహ్నం భోజనం వంకతో సబ్బులు జేబులో వేసుకుని ఇంటికి రావడం, భార్య చేత వాసన చూపించడం, “ఇవాళ్టిది నిన్నటికంటే మెత్తగా ఉందండీ, పంపించేయండి,” అని ఆవిడ అంటే కాగితం మీద అదే రాసి సంతకం పెట్టడం. గుట్టుగానే నడిచింది. కానీ రేపు పొద్దున పదింటికి కొత్త మేనేజరు పేరు లేని సబ్బులు అయిదు ముందు పెట్టి పరీక్ష చేస్తానన్నాడు. తప్పితే ప్యాకింగుకి మార్చేస్తాడట. అక్కడికి భార్యను జేబులో వేసుకుని వెళ్లలేడు కదా.

“ఇరవై ఏళ్లు ఈ ముక్కు మీదే బతికాను. రేపట్నించి అట్టపెట్టెలు మడతపెట్టుకోవాలి,” అన్నాడు.

“మీకంత గతి పట్టనిస్తానా? రండి, వచ్చి ఇలా కూర్చోండి.”

వంటింట్లో ఒక గిన్నెలో రెండు గ్లాసుల రాళ్లుప్పు పోసింది. అరగ్లాసు వంటసోడా, ఎండబెట్టి నలిపిన పుదీనా గుప్పెడు కలిపింది. వాళ్లక్క ఫోన్లో చెప్పిన కొలతలవి. ఆఖర్న నీలగిరి తైలం సీసా తీసింది.

“ఎన్ని చుక్కలు?” అన్నాడు ముక్కుగారు.

“దానికి లెక్క లేదట. ముక్కుకి ఘాటు తగిలేదాకా వేస్తూ పోవాలట.”

నాలుగు చుక్కలు వేసి, కలిపి, గిన్నె మీదికి వంగి చూసింది. తల అడ్డంగా ఊపింది. ఇంకో పది వేసింది. మళ్లీ వంగింది, మళ్లీ ఊపింది. సీసా సగానికి దిగింది. తనకెలాగూ తెలిసి చచ్చేది లేదు గనక ముక్కుగారు బుద్ధిగా చూస్తూ కూర్చున్నాడు.

“ఏమర్రా, ఏం తగలబెడుతున్నారు? ఇక్కడిదాకా ఒకటే ఘాటు వాసన,” అని ముందుగదిలోంచి ఆయన తల్లి కేకేసింది.

“అత్తయ్యదాకా వెళ్లిందంటే సరిపోయినట్టే,” అని ఆవిడ సీసాకి మూత పెట్టేసింది.

టబ్బులో కూర్చుంటే ముక్కుగారి మోకాళ్లు గడ్డానికి తగిలాయి. వేడినీళ్లలో ఉప్పంతా ఒంపింది ఆవిడ. ఒక నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషంలో కళ్లలోంచి ధారలు కారాయి. మూడో నిమిషంలో లేచి పారిపోబోయాడు. ఆవిడ భుజాలు పట్టి కూర్చోబెట్టింది.

“చంపేస్తావా ఏంటే?”

“ఇంకో అయిదు నిమిషాలు ఓర్చుకోండి. మా నాన్న కాదూ.”

పది రోజులుగా ఆగిపోయిన తుమ్ములన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. టబ్బులో నీళ్లు గోడలకెక్కాయి. ఆ తర్వాత గాలి లోపలికి సర్రున పోయింది. ముందు నీలగిరి, దాని వెనక పుదీనా, ఆ వెనక తలుపుకి తగిలించిన తడి తువ్వాలు, అన్నీ వరసగా తెలిశాయి. చివరికి తన మీదికి వంగి ఉన్న మనిషి తలనూనె కూడా తెలిసింది. ముక్కుగారికి ప్రాణం లేచొచ్చింది. ఈ మనిషే లేకపోతే తనేమైపోయేవాడోనని అనిపించి, తడిచేత్తోనే ఆవిడ చెంప నిమిరాడు.

మర్నాడు అయిదుకి అయిదూ చెప్పాడు. సాయంత్రం ఇంటికి నడిచి రాలేదు, దాదాపు పరిగెత్తుకొచ్చాడు. చేతిలో ఒక కవరు ఉంది.

“మేనేజరుకి ఉన్నదున్నట్టు చెప్పేశానే. మనసొప్పలేదు. చీవాట్లు పెడతాడనుకున్నా. ఈ పది రోజుల సరుకులో ఒక్క సబ్బూ వెనక్కి రాలేదు, అంత మంచి ముక్కుని ఇంట్లో ఎందుకు కూర్చోబెట్టారు అన్నాడు. ఇదిగో, చదువు. సోమవారం నుంచి నా పక్క కుర్చీ నీదే.”

ఆవిడ కాగితం చదివింది. ఇంకోసారి చదివింది. ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఏడేళ్ల కిందట నాకు జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి నాకు ఏ వాసనా తెలియదండీ,” అంది. “మీరు సబ్బు చేత్తో పట్టుకుని అంత దిగులుగా నిలబడితే, ఏదో ఒకటి చెప్పకుండా ఉండలేకపోయాను.”