గేటు మీద పసిబిడ్డ

"కోడల్ని బండి దింపనంటే దింపనండీ!" అచ్చాయమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆవిడ వెనక బండిలో కోడలు చిన్నమ్మలు నొప్పులతో మూలుగుతోంది.

అమలాపురం కాన్పుల ఆసుపత్రి డాక్టరు హన్నాగారు గేటు దగ్గర బతిమాలుతున్నారు. "మంత్రసాని చేతులెత్తేసిందనే కదండీ ఇంతదూరం తెచ్చేరు?"

"ఆయ్, తెచ్చేం. ఈ బోర్డు చూసేక బోరుమనాలనిపించిందండి."

నిచ్చెన మీదున్న పేంటరు మాణిక్యాలరావు కుంచె ఆపి కిందికి చూసేడు. జనాన్ని రప్పించడానికి అతను రాసిన బోర్డు అది. పెట్టి నెలైనా ఆ కాన్పుల ఆసుపత్రిలో కాన్పన్నది కానరాలేదు. ఇంకాస్త రంగు దట్టిస్తే వస్తారని ఇవాళ మళ్ళీ నిచ్చెనెక్కేడు.

"బొమ్మకేం తక్కువండీ? హాయిగా నిద్రపోతున్న బిడ్డ, చుట్టూ బంతిపూల దండ!"

"కళ్ళు మూసుకున్న బిడ్డకి దండేసి, నిద్రంటావేంటయ్యా? బతికున్నోళ్ళ పటానికి దండేస్తారా ఎవరైనా?"

మాణిక్యాలరావు ఇంట్లో దండ వేసున్నది పోయిన నాన్నగారి పటం ఒక్కటే. అందం అందం అనుకుంటూ ఆ సంగతే అందుకోలేకపోయేడు.

చిన్నమ్మలు కేక పెట్టింది. అతను బోర్డు ఊడబెరికి, బోర్లా పడేసేడు.

"దండ తీసేసేనండి! దండన తర్వాత వేద్దురుగాని, ముందు అమ్మాయిని దింపండి!"

అచ్చాయమ్మ చేతులు దించింది.

పొద్దువాలేలోగా లోపల్నించి కెవ్వుమని పసిఏడుపు వినిపించింది. వరండాలో అచ్చాయమ్మ కళ్ళొత్తుకుంటోంది.

"పెద్దమ్మగారూ, కొత్త బోర్డు మీద ఏం బొమ్మ వెయ్యమంటారండీ?"

"నోరంతా తెరిచి ఏడుస్తున్న బిడ్డని వెయ్యి నాయనా. ఆ ఏడుపు కోసమే గదా ఇక్కడికొచ్చేది."