అసిరయ్య రొమ్ములో పట్టీ

ఆ కాలానికి గుండె నీరసించిన ప్రతివాళ్ల రొమ్ములోనూ గుండెని ఆడించే, వెంట్రుకకన్నా పలచని పట్టీ ఒకటి ఉండేది. దాని అంచు వెంబడి కరెంటుకి పోయే దారీ వచ్చే దారీ సరిసమానం. ఆ సమానమే దానికి కాపలా. ఎద్దు కుమ్మినా, తాటిచెట్టు మీంచి పడినా అసిరయ్య పట్టీ ఆగలేదు.

"దెబ్బలకి భయం లేదు గానీ అయస్కాంతాన్ని దగ్గరికి రానీకండి. అది దగ్గరుంటే ఆ రెండు దారులూ సమానంగా ఉండవు, పట్టీ ఆగిపోతుంది," అని నర్సు రూపవతి ముందే చెప్పింది.

అసిరయ్యకి జ్వరం తగిలితే పెళ్లాం తవిటమ్మ దిష్టి అనుకుని, లక్కతో మూసిన తాయెత్తు తెచ్చి మెడలో కట్టింది. గంజి తాగుతూ తాగుతూ అతను పక్కకి ఒరిగిపోయాడు.

రూపవతి వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది. చొక్కా కత్తిరించబోతే ఆమె చేతిలోని కత్తెర తాయెత్తుకి టక్కున అతుక్కుంది.

"ఇందులో ఏముందమ్మా?"

"నాకేటి తెలుసు తల్లీ. ఇప్పి సూస్తే మహిమ పోద్దన్నారు."

రూపవతి తాయెత్తు తెంచి దూరంగా గిరాటేసింది. పట్టీ నడుస్తోందని చెప్పే దీపం అసిరయ్య మణికట్టు మీద పచ్చగా వెలిగింది; ఆమె వేళ్లకి నాడి మాత్రం అందలేదు.

"పట్టీకేం కాలేదు. మళ్లీ నడుస్తోంది," అంది తల దించుకుని.

"అదే నానూ అనుకున్నాను," అని తవిటమ్మ అతను సగం తాగిన గంజి వెచ్చబెట్టడానికి లేచింది.