చివర ఎక్కినవాళ్లు

చింతపల్లిలో జీపు కదలబోతుంటే వెన్నెల పరుగెత్తుకొచ్చి ఎక్కింది.

“ఇంకెక్కడున్నాది సోటు? నా నెత్తి మీద కూకుంటావేటి?” అంది మిరియాల మూట మీద కూర్చున్న ముసలమ్మ.

లోపల ఓ అమ్మాయి ఒళ్లోని ప్లాస్టిక్ కవరును గుండెకు హత్తుకుని, ఒదిగి జానెడు చోటిచ్చింది. వెన్నెల కూర్చుంది. ఆ అమ్మాయి ముఖమైనా సరిగా చూడలేదు. మనసు అప్పటికే పాడేరులో ఉంది.

నాలుగింటికల్లా అక్కడి కాలేజీలో హాజరు కావాలి. జర్మనీలో ఓ యూనివర్సిటీ బయటి దేశాల విద్యార్థులకు ఒక సెమిస్టరు ఎకనామిక్స్, కంప్యూటర్ కోర్సులు చెబుతుంది. ఈ కొండల నుంచి ఒక్కరికే అవకాశం. ఎంపిక జాబితాలో వెన్నెలది రెండో పేరు. మొదటి పేరు కొయ్యూరు అమ్మాయి భానుది. భాను రాకపోతేనే వెన్నెలకు.

వారం నుంచి వెన్నెల దేవుణ్ణి అడుగుతున్నది అదొక్కటే. ఆ అమ్మాయి రాకూడదు.

ఘాటీ మలుపులో జీపు ఆగింది. రోడ్డు పక్కన డోలీ దించి మగవాళ్లు నిలబడి ఉన్నారు. డోలీలో నిండు గర్భిణి. పళ్లు బిగబట్టి మూలుగుతోంది.

“అంబులెన్సుకి ఫోన్ సేద్దామంటే సిగ్నల్ లేదు బాబూ. బేగి ఆస్పత్రికి ఎట్టుకెళ్లాల” అన్నాడు ఆమె భర్త.

జీపులోని మగవాళ్లు దిగి టాపు మీదికి ఎక్కారు. ముసలమ్మ మూట కూడా పైకి పోయింది. అయినా గర్భిణిని పడుకోబెట్టడానికి చోటు చాలలేదు.

డ్రైవరు మల్లేశు వెనక్కి తిరిగాడు. “ఇంకొకలు దిగాల. సివర ఎక్కినోలెవలు?”

ఆ దారిలో జీపుల పద్ధతి అది. చోటు కావలసి వస్తే చివర ఎక్కినవాళ్లు దిగుతారు. దాని మీద ఎవరూ గొడవపడరు.

వెన్నెల తన చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయింది.

“నిన్నే గుంటా! సెవుడేటి?” అంది ముసలమ్మ.

“నాకు పాడేరులో పనుంది. నేను దిగను.”

“మేమందరం గాలికి తిరుగుతన్నామేటి మరి?”

ఎవరో నవ్వారు. వెన్నెలకు చెవులు వేడెక్కాయి. కదల్లేదు. డోలీలోంచి ఒక కేక వినిపించింది.

“నేను దిగుతాను మామ్మా” అంది పక్కనున్న అమ్మాయి.

“నువ్వెందుకే? నువ్వు ముందే ఎక్కినావు కదా.”

“పర్లేదు. ఎనకాల జీపుకొత్తాను.”

“ఇయ్యాల సంత కూడా కాదు. ఎనకాల జీపు ఎప్పుడొత్తాదో సెప్పలేం” అన్నాడు మల్లేశు.

ఆ అమ్మాయి అప్పటికే దిగి గర్భిణి భుజాల కింద చేతులు వేసింది. అందరితో కలిసి ఎత్తి జీపులో పడుకోబెట్టింది. తన చున్నీ మడిచి తల కింద పెట్టింది.

“కొంచెం పట్టుకో అక్కా” అంటూ గర్భిణి చేతిని వెన్నెల చేతిలో పెట్టి వెనక్కి జరిగింది.

దారంతా ఆ చెయ్యి వెన్నెల వేళ్లను నొక్కుతూనే ఉంది. వెన్నెల గడియారమే చూసింది.

ఆస్పత్రి గేటు దగ్గర జీపు ఆగగానే చెయ్యి విడిపించుకుని దిగి పరుగెత్తింది.

కాలేజీలో మేడమ్ “భాను ఇంకా రాలేదు. ఫోనూ కలవడం లేదు. నాలుగు దాకా చూద్దాం” అంది.

వెన్నెల బెంచీ మీద కూర్చుని గుమ్మం వైపు చూసింది. అడుగుల చప్పుడు వినబడినప్పుడల్లా ఊపిరి ఆగింది. ఎవరూ లోపలికి రాలేదు.

నాలుగు దాటింది. మేడమ్ వెన్నెల పేరు ఆన్‌లైన్‌లో పంపేసింది. “ఇక మారదు. కంగ్రాట్స్ అమ్మా.”

సంతోషం వస్తుందని వెన్నెల ఎదురుచూసింది. రాలేదు. ఆ చెయ్యి నొక్కిన వేళ్లు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి.

అప్పుడు గుమ్మంలో జీపులోని అమ్మాయి కనబడింది. చున్నీ లేదు. మోకాళ్ల దాకా ఎర్రమట్టి. చేతిలో అదే ప్లాస్టిక్ కవరు. వెన్నెలను చూడగానే ఆమె ముఖం విప్పారింది.

“అక్కా, నువ్విక్కడున్నావేటి? ఆవిడికి ఎలాగున్నాది? బిడ్డ పుట్టిందా?”

వెన్నెల ఆ వేళ్లను పిడికిట్లో ముడుచుకుంది.

“ఎవరమ్మా నువ్వు?” అని అడిగింది మేడమ్.

“కొయ్యూరు భానుని మేడమ్” అంటూ ఆ అమ్మాయి ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెట్టింది.