బల్ల కింద చోటు

మా అబ్బాయి రోడ్డు ప్రమాదంలో పోయాక మా ఆయన స్టీరింగు ముట్టుకోలేదు. బస్సు డ్రైవరు స్టీరింగు ముట్టుకోకపోతే ఎలా? సోమవారం డ్యూటీకి రాకపోతే ఇక అసలు రావద్దని డిపోవాళ్లు చెప్పేశారు.

అందుకే, బల్ల మీద చోటు చాలక అబ్బాయి అట్టపెట్టెలోనే ఉంచేసిన కంప్యూటరు కారు రేసు ఆట స్టీరింగు బయటికి తీశాను. వాడి కంప్యూటరు బల్ల మా వంటింటి పీటకంటే రవ్వంత పెద్దది. కీబోర్డు పెట్టే అర ఊడబీకితే గానీ స్టీరింగు బిగుసుకోలేదు.

"బస్సు నిండా జనాన్ని మోసినవాణ్ణి. ఈ బొమ్మ ముందు కూర్చోమంటావా?"

"నడపడం మరిచిపోయారేమోనని."

రోషమొచ్చి కూర్చున్నారు. కాలు వేసినప్పుడల్లా, స్టీరింగుతో పాటు వచ్చిన పెడళ్లు నేల మీద వెనక్కి జారిపోతున్నాయి. నేను బల్ల కిందికి దూరి, గోడకు వీపు ఆనించి, వాటిని రెండు చేతులా పట్టుకున్నాను.

"ఏమండీ, అందరూ మిమ్మల్ని దాటిపోతున్నారా?"

"కింద కూర్చున్నదానివి, నీకెలా తెలిసింది?"

"బ్రేకు ఒక్కటే అరుగుతోంది."

పైన నవ్వు వినబడింది. కాసేపటికి ఆ కాలు పక్కనున్న యాక్సిలరేటరు మీదికి వచ్చింది. మెల్లగా ఆనింది. తర్వాత నా మణికట్లు వంగిపోయేలా తొక్కారు.

"సోమవారానికి యూనిఫాం ఇస్త్రీ చెయ్యి," అన్నారు. "ఇంక బయటికి రా. అక్కడ రెండు ఇటుకలు పెడితే సరిపోతుంది."

"ఇంకొక్క ఆట ఆడండి," అన్నాను.

ఇన్నాళ్లూ ఆయన ముందు ఏడవకుండా నెట్టుకొచ్చాను. బల్ల కిందైతే నా ముఖం ఆయనకు కనబడదు.