తొలి యాభై గంటలు

కొత్త ట్రాక్టరు అమ్మినతను, "మొదటి యాభై గంటలూ ఇంజను అలవాటు పడాలి. మరీ బరువు వద్దు, మరీ గారాబమూ వద్దు" అన్నాడు. నేను మొదటి సగమే విన్నాను. ఎర్రమట్టి దారిలో దాన్ని ఆవుకన్నా నెమ్మదిగా నడిపాను.

"వానలొచ్చేస్తున్నాయి. ఏటవతల మా అమ్మ చేను దున్నిపెట్టు" అంది నా భార్య నిమియా.

"ఇంజను ఇంకా పసిది. నీకేం తెలుసు?" అన్నాను. రోజూలాగే భోంచేసి పడుకున్నాను.

నెల తర్వాత నూనె మార్చడానికి మెకానిక్ వచ్చాడు. మీటరులో యాభై రెండు గంటలున్నాయి. నేను నడిపినవి పదిహేను కూడా ఉండవు. కొత్త మీటరు కదా, హుషారుగా తిరిగిందనుకున్నాను.

అతను ఇంజను చప్పుడు విని తలూపాడు. "బాగా పని చేయించారు, దోన్ ఎలాదియో. చాలామంది ముద్దుచేసి పాడుచేస్తారు."

"ఆ పనితనం చేతిలో ఉండాలి" అన్నాను.

అతను వెళ్లాక నిమియా నాకు చల్లటి తెరెరే పానీయం అందించింది. "అమ్మ చేను మొత్తం నేనే దున్నాను, నువ్వు మధ్యాహ్నం పడుకున్నప్పుడల్లా. నిన్ను ఉరుము కూడా లేపదు."

"నీకు ట్రాక్టరెలా వచ్చు?"

"పెళ్లికి ముందు సోయా పొలాల్లో నడిపాను. నువ్వెప్పుడూ అడగలేదు. అమ్మకి మాత్రం నువ్వే దున్నావని చెప్పాను. ఆదివారం భోజనానికి రమ్మంది."

ఆదివారం అత్తగారు, ఇలాంటి అల్లుడు ఊళ్లో లేడంటూ కోడి తొడలు రెండూ నా పళ్లెంలోనే వేసింది. తలెత్తకుండా రెండూ తిన్నాను. దున్నినావిడకి మెడ ముక్క దక్కింది.