సింహాచలం పెళ్ళిలో ఏనుగు

"నా పెళ్ళికి సింహాచలంలో ఏనుగొచ్చి దండేసింది. ఈ చోడవరంలో ఇంకెవడికైనా వేసిందేటి?"

పక్కింటి అప్పలనరసమ్మ గుమ్మానికి మామిడి తోరణం కడుతూ పరదేశి అడిగాడు. కింద నిచ్చెన పట్టుకున్నవాళ్ళు నవ్వారు. నలభై ఏళ్ళుగా వింటున్న కథే అది. వాన, దారిలో చెడిపోయిన బస్సు, తడిసి ముద్దయిన కొత్త చీర, ఆఖర్న ఏనుగు. మొదట్లో గున్న ఏనుగుండేది. ఏటేటా పెరిగి ఇప్పుడు దానికి దంతాలొచ్చాయి. పరదేశి చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. బండెడు చెరకుని కంటిచూపుతో తూచేవాడు గానీ, తన మాటల్ని ఏనాడూ తూచలేదు.

ఆ సాయంత్రం ఏనుగే ఆయన కొంప ముంచింది.

అప్పలనరసమ్మ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. మర్నాడు వడ్డాదిలో, మగపెళ్ళివారింట, ఆవిడ మనవరాలు రోజా పెళ్ళి. తల్లీ తండ్రీ లేని పిల్ల. పీటల మీద కూర్చుని కన్యాదానం చెయ్యాల్సిన పెదనాన్నకి అప్పుడే మైల కబురొచ్చింది. మగపెళ్ళివారి పెద్ద గౌరీశంకర్ పట్టింపుల మనిషి. పీటల మీద దంపతులు లేకపోతే తాళి కట్టనివ్వనని ఫోన్లోనే చెప్పేశాడట.

"సింహాచలం అప్పన్న సాచ్చిగా ఒకటైనోళ్ళు. మీకంటే ఎవులున్నారు బాబూ?"

పరదేశి నిచ్చెన మీంచే మాటిచ్చేశాడు. ఆయన భార్య దేముడమ్మ మాత్రం కూర్చోనంది. ఎందుకని అడిగితే మోకాళ్ళ నొప్పులంది. రోజా చిన్నప్పుడు అంగన్‌వాడీలో ఆయాగా ఆ పిల్లకి గోరుముద్దలు పెట్టింది ఆవిడే. పిల్లల్లేని మనిషి కదా, కన్యాదానమంటే మనసు కలుక్కుమని ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆవిడ కాదనలేదు. పెళ్ళివారంతా వడ్డాది బయల్దేరి వెళ్ళిపోయారు.

తెల్లారింది. ఆ ఇంట్లో మామూలుగానే ఇద్దరికీ క్షణం తీరదు. ఆయనకి పాలకేంద్రంలో పాలు పొయ్యడం, పింఛనుదార్ల సంఘం, ఊళ్ళో మొరాయించిన ప్రతి పంపూ. ఆవిడకి కోళ్ళు, వంగమడి, ఎవరింట పెళ్ళయినా పసుపు దంచడం. రిటైరయ్యాకే ఎక్కువ అలిసిపోతున్నామని ఇద్దరూ గొప్పగా చెప్పుకునేవారు. ఆ రోజు మాత్రం దేముడమ్మ ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. మేత తిన్న కోళ్ళకే మళ్ళీ మేతేసింది. పరదేశి గుమ్మంలోంచి వీధిలోకీ, వీధిలోంచి గుమ్మంలోకీ తిరుగుతున్నాడు.

"పదకొండుకే ముహూర్తం. ఆటో వచ్చీసింది."

"నువ్వెళ్ళు."

"నేనొక్కణ్ణీ కూకుంటే కన్యాదానం అవదే."

"ఆ గుంట రోజా బతుకు బాగుండాలనే వద్దంటన్నాను. నీకు తెలీదేటి?"

పరదేశి తిరగడం ఆపి లోపలికొచ్చాడు. చేటలో దంచగా మిగిలిన పసుపు కొమ్ములుంటే ఒకటి తీసి తువ్వాలు కొసన ముడేసుకున్నాడు.

"ముందు గౌరమ్మ గుడికి పోదాం. పాత మొక్కు ఉండిపోయింది కదా. అది తీరేక, కూకోవాలో వద్దో నువ్వే సెప్పు."

దేముడమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. చీపురు గోడకి ఆనించి, లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది.

పూలకొట్టు దగ్గర ఆటో ఆపించి పరదేశి రెండు దండలు కొన్నాడు. అమ్మవారికి ఒకటి చాలు కదా, రెండోది ఎందుకని కొట్టామె పైడితల్లి అడిగింది.

"ఏనుక్కి," అన్నాడు పరదేశి.

బుచ్చయ్యపేట దారిలో చెరకు ట్రాక్టరొకటి రోడ్డంతా తనదే అన్నట్టు ముందు నడిచింది. దాని బరువెంతో చెప్పడం కూడా పరదేశి మర్చిపోయాడు. గుడి దగ్గర దిగేసరికి వడ్డాది నుంచి ఫోన్ల మీద ఫోన్లు. గౌరీశంకర్ గేటు దగ్గరే నిలబడ్డాడట, అప్పలనరసమ్మకి కాళ్ళూ చేతులూ ఆడటం లేదట. మొక్కు తీరేలోపు ఆటోవాడు మూడుసార్లు హారన్ కొట్టాడు. దేముడమ్మ పైట భుజాల నిండా కప్పుకుని బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సాంబ్రాణి పొగంది. ఆటో ఎక్కగానే తొందరపెట్టింది ఆవిడే.

వడ్డాది పందిట్లో గౌరీశంకర్ వాచీ చూపించాడు.

"ఇంత ఆలీసమేటండీ?"

"మొక్కు బాబూ. తీరిపోయింది," అంటూ దేముడమ్మ తిన్నగా వెళ్ళి పీట మీద కూర్చుంది. ఏ మోకాలూ అడ్డం రాలేదు. పెళ్ళికొడుకు కాళ్ళు కడిగేటప్పుడు చెంబుతో నీళ్ళు పోసింది. రోజా చేతిని ఆ అబ్బాయి చేతిలో పెట్టేటప్పుడు మాత్రం ఒక్క క్షణం వదల్లేకపోయింది. ముహూర్తానికి తాళి పడింది. అప్పలనరసమ్మ స్తంభానికి ఆనుకుని కూలబడి ఏడ్చింది. గౌరీశంకరే ఆవిడకి మజ్జిగ తెప్పించాడు.

బ్యాండు మోగుతుండగా రోజా వచ్చి ఇద్దరి కాళ్ళకీ దండం పెట్టింది. లేచి, పరదేశి చెయ్యి వదలకుండా నవ్వింది.

"తాతా, ఈ రోజైనా నిజం సెప్పు. ఆ సింహాచలం కథలో ఎంత నిజం?"

"వాన నిజం. బస్సు సెడిపోడం నిజం. మేం కొండెక్కేసరికి గుడి మూసీసేరు, అదీ నిజమే. ఏనుగు మాత్రం నేను కల్పించేను."

"గుడి మూసీసేరా? మరి మీ పెళ్ళెప్పుడయింది?"

దేముడమ్మ పైట సర్దుకుంటూ అటు తిరిగిపోయింది. పరదేశి వంగి, రోజా చెవిలో చెప్పాడు.

"ఇందాకే, వచ్చీ దార్లో."